పంచలో మందుకుండ

నా మనవరాలు స్టెల్లా నర్సు చదువు ముగించి, పిల్లలు కలగనివాళ్ళకు వైద్యం చేసే ఆసుపత్రిలో చేరింది. చేరిన వారానికి ఫోను చేసింది. "అవ్వా, ఆడోళ్ళు నన్ను అడిగేటివి ఒగటీ పుస్తకంలో ల్యావు. పక్కకు తిరిగి పండుకోవచ్చా, తుమ్మొస్తే ఏం చేయాల, బస్సెక్కొచ్చా అంటాండారు. నువ్వేం చెప్తాంటివి?" అని అడిగింది. ఫోనులో చెప్పింది ఫోనులోనే పోతుంది. అందుకని దాని పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలు చించి, దారంతో కుట్టుకుని రాస్తున్నాను. దాంతోపాటు ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలెవరైనా చదువుకోవచ్చు.

నేను చదివింది ఐదో తరగతి, వేంపల్లె దగ్గర మా ఊరి మిషను బడిలో. చర్చిలో బైబిలు చదవమంటారు కాబట్టి ఆ అక్షరాలు నిలిచాయి. కర్నూలుకు కోడలిగా వచ్చాక ముందు కాన్పుల ఆసుపత్రిలో, తర్వాత సంతానం ఆసుపత్రిలో ఆయాగా పని చేశాను. నా పేరు సువార్తమ్మ అయినా అందరూ ఆయమ్మా అనే పిలిచారు. పోయిన ఎండాకాలం చివర్లో మోకాళ్ళు మొండికేస్తే మానేశాను.

బయట తయారుచేసిన పిండాన్ని డాక్టరమ్మ గర్భసంచిలో పెట్టడానికి పట్టేది పదిహేను నిమిషాలు. నెత్తురు పరీక్ష చేసి నిలిచిందో లేదో చెప్పేది పద్నాలుగు రోజులకు. ఆ మధ్య రోజుల్లో ఆడమనిషి పక్కన డాక్టరు ఉండదు, మిషన్లు ఉండవు. అత్త ఉంటుంది, అమ్మ ఉంటుంది, పక్కింటివాళ్ళు ఉంటారు, భర్త చేతిలో ఫోను ఉంటుంది. వాళ్ళందరి మాటల నడుమ ఆమెకు గుర్తుండాల్సింది మనం పంపేటప్పుడు చెప్పిన నాలుగు మాటలు. ఆయా పని పక్కదుప్పట్లు మార్చడమనుకుంటే పొరపాటు. ఆ నాలుగు మాటలే అసలు పని.

ఇటుకలు

నేను ఆ ఆసుపత్రిలో చేరిన కొత్తల్లో అంతా నాకు తెలుసనుకున్నాను. కాన్పుల దగ్గర అన్నేళ్ళు చేశానన్న పొగరు. పిండం పెట్టించుకుని బయటికొచ్చిన ఒక అమ్మాయిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళవైపు మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాను. కాళ్ళు ఎత్తుగా ఉంటే పిండం కిందికి జారదని నా లెక్క. కదలవద్దన్నాను, నవ్వవద్దన్నాను. ఒంటేలుకు పోతానంటే, "రోంతసేపు ఓర్చుకోమ్మా" అన్నాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు పెట్టుకుని ఓర్చుకుంటోంది.

డాక్టరమ్మ లోపలికొచ్చి ఇటుకలు చూసింది. ఆమెదీ మా సీమే. చదువు ఎంత చదివినా కోపమొస్తే మాట ఊరిదే.

"ఏంది సువార్తమ్మా, మిద్దె కడతాండావా?"

నేను చెప్పాను. ఆమె ముందు ఆ పిల్లను లేపి బాత్రూముకు పంపింది. తర్వాత నన్ను కూర్చోబెట్టింది.

"మీ ఇంట్లో సజ్జరొట్టె మీద నువ్వులద్దుతారా?"

"అద్దుతాం."

"రొట్టెను నిలబెడితే నువ్వులు రాలతాయా?"

"అద్దింది సరిగ్గా అద్దితే యాడ రాలతాయమ్మా."

"ఇదీ అంతే. నేను సరిగ్గా అద్దినా. ఇంక అది అంటుకుంటుందా లేదా అనేది ఆ పిండం సత్తువ, ఆ గర్భసంచి సత్తువ. ఆమె లేస్తే రాలదు, తుమ్మితే రాలదు, నవ్వితే రాలదు. ఊరికే పండుకోబెడితే కాళ్ళు మొద్దుబారతాయి, మలబద్ధకం వస్తుంది, మనసు చెడతుంది. ఇటుకలు తీసి బయటేసిరా."

ఆ రోజు నుంచి నేను ఎంతమందికి ఆ సజ్జరొట్టె మాట చెప్పానో లెక్కలేదు. ఇటుకలు పారెయ్యలేదు, మా ఇంటి పొయ్యికి పనికొచ్చాయి.

నేను మెచ్చుకున్న నా మాట

ఇక ఉరుకుందమ్మ సంగతి రాస్తాను. ఈ పుస్తకంలో ఇదొక్కటి చదివినా చాలు.

ఆమెది ఆలూరు పక్కన పల్లె. భర్త ఈరన్న. వానొస్తే వేరుశనగ, రాకుంటే కూలి. పెళ్ళయి పదకొండేళ్ళు. వెంట వచ్చింది అత్త బసమ్మ. గట్టి మనిషి, నా ఈడుదే. మొదటి రోజు నేను గ్లాసుతో నీళ్ళిస్తే తాగలేదు, తన సంచిలోని సీసా తీసుకుంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

వాళ్ళకు మూడు పిండాలు వచ్చాయి. మొదటిసారి ఒకటి పెట్టి, మిగిలిన రెండూ మంచుపెట్టెలో దాచారు. పంపేటప్పుడు మందులిచ్చారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, లోపల పెట్టుకునే మాత్రలు. గర్భసంచిని మెత్తగా ఉంచి పిండాన్ని నిలబెట్టే మందు అది. ఒక్క పూట తప్పకూడదు.

అప్పట్లో నా దగ్గర ఒక మాట ఉండేది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మందును చిల్లర సామాను మధ్య పడేస్తారని, నేను చర్చికి పోయేదాన్నయినా వాళ్ళ భాషలోనే చెప్పాలని, "ఈ మందును దేవుని ప్రసాదం మాదిరి చూసుకోండమ్మా" అనేదాన్ని. వినగానే అందరూ తలలూపేవాళ్ళు. ఆ మాట నాకే ముచ్చటేసేది. బసమ్మకూ అదే చెప్పాను. ఆమె మందు పెట్టెను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. నేను సంతోషపడ్డాను.

గూట్లో పెట్టె

పద్నాలుగో రోజు వాళ్ళు రాలేదు. ఇరవయ్యో రోజు ఈరన్న, ఉరుకుందమ్మ ఇద్దరే వచ్చారు. ఆమె నా వైపు చూడలేదు.

"ఏమప్పా, పరీక్ష నాటికి రాకుంటిరే?" అన్నాను.

"తొమ్మిదో దినం ముట్టాయ గదమ్మా. అయిపాయ అనుకుంటిమి" అన్నాడు ఈరన్న.

"ముట్టంటే? ఎంత కనపడింది?"

ఉరుకుందమ్మ వేలిగోరు చూపించింది. అంత మరక.

"మందు వాడుతూనే ఉండావు గదా?"

అప్పుడు చెప్పింది. మరక కనపడగానే బసమ్మ ముట్టయిందంది. వాళ్ళ ఇంట్లో ముట్టయితే ఆడమనిషి మూడు రోజులు పంచలోనే ఉండాలి, గడప లోపలికి పోకూడదు, ఏదీ తాకకూడదు. మందు పెట్టె దేవుని గూట్లో ఉంది. నేను ప్రసాదం మాదిరి చూసుకోమన్నాను కదా. ప్రసాదాన్ని ఇంకెక్కడ పెడతారు? గూట్లోంచి తీసి ముట్టయిన మనిషికిస్తే ఆ పెట్టె మళ్ళీ గూట్లోకి రాకూడదు. అయినా ముట్టయ్యాక పిండమెక్కడిది, మందెందుకు అంది బసమ్మ.

"అడిగితినమ్మా," అంది ఉరుకుందమ్మ. "ఒగసారి అడిగితి. పంచలో కూసుంటే తలుపులోనుంచి పెట్టె కనపడతాండె. మూడు దినాలూ దాన్నే చూస్తాంటి."

నేను ఎన్నో కాన్పులు చూశాను, చచ్చి పుట్టిన బిడ్డల్ని గుడ్డలో చుట్టి తండ్రుల చేతుల్లో పెట్టాను. ఏడవని మనిషినని నాకు పేరు. ఆ రోజు గుడ్డలు ఉతికే గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

తర్వాత డాక్టరమ్మకు నా మాట సంగతి దాచకుండా చెప్పాను. తప్పు చేసినప్పుడు పైవాళ్ళకు మనమే చెప్పాలి. ఇంకొకరు చెబితే తప్పు రెండవుతుంది. ఆమె అరవలేదు. "మందు ఆపకుంటే నిలిచేదని నేను చెప్పలేను. అన్నీ సరిగ్గా చేసినా నిలవనివాళ్ళు ఎందరో. అట్లని ఆపడం మంచిదనీ చెప్పలేను. మరక కనపడినంత మాత్రాన అయిపోయినట్టు కాదని నువ్వు ఆమెకు చెప్పింటివా?" అంది. చెప్పలేదు. అడగాల్సింది కూడా అడగలేదు. మందు ఎక్కడ పెడతారు, ఎవరు తీసిస్తారు, ముట్టయితే మీ ఇంట్లో ఎట్లా? మా ఇంట్లో ఆ పద్ధతి లేదు కాబట్టి నాకు తోచలేదు. మన ఇంట్లో లేనిది ఎదుటివాళ్ళ ఇంట్లో కూడా లేదనుకోవడమే ఈ పనిలో పెద్ద తప్పు.

రెండోసారి

ఏడు నెలలకు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి మిగిలిన రెండు పిండాలూ కలిపి పెట్టాలని డాక్టరమ్మ, వాళ్ళూ మాట్లాడుకుని తేల్చుకున్నారు. ఇంకోసారి మొదటి నుంచి ఇంజెక్షన్లు వేయించుకునే ఓపిక తనకు లేదని ఉరుకుందమ్మ చెప్పేసింది. అంటే ఇదే కడాది, దీని తర్వాత ఇంకోసారి ఉండదు.

అది మండే ఎండల కాలం. పిండం పెట్టినాక అరగంట పడుకోబెట్టి, లేపి, ముగ్గురినీ కూర్చోబెట్టాను. నాతో కలిపి నలుగురం.

"బసమ్మా, మందు యాడ పెడతావు?"

"ఇంగ గూట్లో పెట్టనులేమ్మా. బీరువాలో పెడతా."

"బీరువా యాడుండాది?"

"ఇంట్లో."

"మళ్ళీ మరక కనపడి ఉరుకుందమ్మ పంచలో కూసుంటే?"

నేను ఆమె పద్ధతిని తిట్టలేదు. తిడితే ఆసుపత్రిలో తలూపి ఊళ్ళో తన దారిన తాను పోతుంది. "నీ ఆచారం నీది. నేను మార్చమనను. మందు మాత్రం ఉరుకుందమ్మ చెయ్యి చాపితే అందాల. ఏ దినమైనా, ఎట్లున్నా అందాల. అట్లాంటి చోటు మీ ఇంట్లో యాడుండాదో నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె ఇంట్లో చోట్లన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పంచనే," అంది. "పంచలో ఎండకు మాత్రలు కరిగిపోవా?"

మంచి ప్రశ్న. ఇంట్లో ఫ్రిజ్జు లేదు. పక్కింట్లో ఉంది కానీ అక్కడ పెడితే మందు సంగతి ఊరంతా తెలుస్తుంది. మా అమ్మ వెన్న కరగకుండా పెట్టే పద్ధతి చెప్పాను. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక. చిన్న కుండలో గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో మందు. పూటకోసారి ఇసుక తడపాలి. ఇది డాక్టరమ్మనడిగే చెప్పాను. తేమ తగలకుండా చల్లగా ఉంటే చాలంది.

"వచ్చేపోయేటోళ్ళు చూడరా?" అన్నాడు ఈరన్న.

"పైన ఉల్లిగడ్డల గంప బోర్లించప్పా. మీ ఊళ్ళో ఉల్లిగడ్డల గంపను ఎవరు తీసి చూస్తారు?"

అప్పుడు ఉరుకుందమ్మ నవ్వింది. నవ్వి, వెంటనే నోరు మూసుకుని పొత్తికడుపు పట్టుకుంది. "నవ్వచ్చామ్మా?" అని అడిగింది.

"నవ్వు తల్లీ. సజ్జరొట్టె మీద నువ్వు గింజ రాలదు" అన్నాను.

ఏం తినాలి, ఏం చేయాలి

ఆ రోజే ఈరన్న ఒక సంచి పట్టుకొచ్చాడు. అందులో రెండు అనాసపండ్లు, ఏదో పొడి డబ్బా. ఫోనులో ఎవరో చెప్పారట, అనాసపండు నడిమి కట్టె తింటే పిండం నిలుస్తుందని.

"ఏమప్పా, ఆ ఫోనులో ఆయప్ప ఎంతమందిని కన్నాడు?" అన్నాను.

"నవ్వులాట కాదమ్మా, లక్షమంది చూసినారు."

"చూసినారు. కన్నారా?"

ఆ పొడి డబ్బాను వచ్చిన దుకాణానికే పంపించాను. పండ్లు మాత్రం కోసి అందరం తిన్నాం, పారేస్తే పాపం. ఇలాంటి పొడులు అమ్మేవాళ్ళను ఆసుపత్రి వాకిట్లో నిలబడనివ్వకండి. ఆశ మీద బతికేవాళ్ళు వాళ్ళు. ఇంట్లో తినేదే తినమనండి. రాగిసంకటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, మజ్జిగ. మా సీమ ఎండకు నీళ్ళు బాగా తాగాలి. ఉపవాసాలు వద్దు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలు మా చర్చిలోనూ ఉన్నాయి, నేనూ చేస్తాను. కానీ ఈ పద్నాలుగు రోజుల్లో ఉన్న అమ్మాయికి, నీ వంతు ఉపవాసం మీ అత్త చేస్తుంది, నువ్వు ప్రార్థన మాత్రం చెయ్యి అంటాను. అత్తలు ఒప్పుకుంటారు, నిజం.

ఇంట్లో తిరగాలి, చిన్నచిన్న పనులు చేసుకోవాలి. నీళ్ళ బిందెలు, గడ్డిమోపులు ఎత్తకూడదు. భార్యాభర్తలు ఎప్పటిదాకా దూరంగా ఉండాలో డాక్టరమ్మనే అడగమనండి. సిగ్గుపడి అడగరు, కాబట్టి ఆ మాట మీరే ఎత్తండి. జలుబుకో తలనొప్పికో మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకోకూడదు. బస్సులో పోవచ్చు, కానీ వెనక సీటులో ఎగిరెగిరి పడుతూ కాదు. పొట్ట బాగా ఉబ్బినా, ఊపిరాడకపోయినా, భరించలేని నొప్పి వచ్చినా, నెత్తురు ఎక్కువగా పోయినా, ఫోను చేసి ఆగకుండా బయల్దేరాలి. కొంచెం మరకకు భయపడక్కర్లేదు, కానీ ఫోను చేయాలి. ఏదేమైనా మనం ఆపమనే దాకా మందు ఆపకూడదు. ఈ చివరి మాటను ఎదుటివాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి. తలూపితే ఒప్పుకోకండి. తలూపడం ఎంత మోసమో నేను చూశాను.

ఇంకొకటి. "ఈసారి ఖాయం" అని ఎవరితోనూ అనకండి. నేను అనేదాన్ని. నిలవనప్పుడు ఆ మాటే వాళ్ళను పొడుస్తుంది, దేవుడూ ఆయమ్మా మాటిచ్చారు, నేనే ఏదో చెడగొట్టాను అనుకుంటారు. నిలవకపోతే అది ఆమె తప్పు కాదు. ఇది ముందే చెప్పి పంపండి.

రూపాయి బిళ్ళంత

పదో రోజు పొద్దున్నే నేను వార్డు తుడుస్తుండగా ఈరన్న ఫోను నుంచి బసమ్మ చేసింది.

"ఆయమ్మా, మళ్ళా కనపడింది."

నా చేతిలో చీపురు ఆగిపోయింది. "ఎంత?"

"రూపాయి బిళ్ళంత."

"కడుపులో నొప్పి?"

"ల్యాదంటాండాది."

"పొద్దున మందు?"

అవతల గేదె అరుపు వినపడుతోంది. కుండ పంచలోనే ఉన్నా, ఆపమని చెప్పే నోరు ఇంట్లో ఉంటే కుండేం చేస్తుంది?

"బసమ్మా, మందు?"

"ఇచ్చినా. అది ఏడుస్తా కూసునుంటే నేనే కుండలోనుంచి తీసిచ్చినా."

"చేతికిచ్చినావా?"

"చేతికే. మరి నేలమీద పెడతానా, మందును?" అని కసిరింది. అంతలోనే, "తర్వాత తలకు పోసుకున్యానులే. అది వేరే సంగతి" అంది.

నేను నవ్వు ఆపుకుని, డాక్టరమ్మకు ఫోను ఇచ్చాను. మందు ఆపొద్దు, పరీక్ష రోజుకు రండి, ఎక్కువైతే వెంటనే రండి అని చెప్పింది. ఆ నాలుగు రోజులూ బసమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసి, "ఇచ్చినా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసేది. మాటలు వృథా చేయని మనిషి. నాకు అప్పుడే నచ్చింది.

పద్నాలుగో రోజు

ముగ్గురూ తొలి బస్సుకే వచ్చారు. నెత్తురు తీశాక కాగితం రావడానికి మధ్యాహ్నమైంది. ఉరుకుందమ్మ బెంచీ మీద కొంగు కొస చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఈరన్న వాకిట్లోకీ లోపలికీ తిరిగాడు. బసమ్మ సీసాలో నీళ్ళు అయిపోయాయి.

"నీళ్ళుంటే ఇయ్యి వదినా," అంది నాతో.

ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చింది.

డాక్టరమ్మ పిలిచింది. నిలిచిందని చెప్పింది. వెంటనే, ఇది మొదటి మెట్టేనని, రెండు వారాలకు స్కానింగు చేస్తే గుండె కొట్టుకోవడం కనపడాలని, అప్పటిదాకా ఊరంతా చాటవద్దని, మందు ఇలాగే వాడాలని చెప్పింది. ఈరన్న గోడకానుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఉరుకుందమ్మ ఏడవలేదు, నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, లోపల ఏదో చప్పుడు వింటున్నట్టు కూర్చుంది.

బసమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగింది.

"వదినా, ఈ కాగితం గూట్లో పెట్టుకోవచ్చునా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఉరుకుందమ్మ అంది. రెండుసార్లు మా ఆసుపత్రికి వచ్చినా, ఆ మనిషి అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

"కాగితం పెట్టుకో అత్తా. మందు మాత్రం పంచలోనే."

"అదే నేనూ అంటాండేది," అంది బసమ్మ.

ఇప్పుడు ఆమెకు ఏడో నెల. ఒక్కటే నిలిచింది, బాగా తిరుగుతోంది. ఆ మందు ఎప్పుడో ఆపేశారు. మొన్న ఫోనులో కుండ ఏం చేశావని బసమ్మనడిగితే, పంచలోనే ఉందని, కోడలికి అందేటట్టు అందులో మజ్జిగ పెడుతున్నానని చెప్పింది. మంచి కుండను ఊరికే ఉంచలేదు, అది బాగుంది.